నాలుగు బాటల దిబ్బ

కల్లూరు దగ్గర క్యాంపు,
11 ఏప్రిల్ 1966.

రమా,

చదివాక ఈ ఉత్తరం చింపెయ్. చింపి పొయ్యిలో వెయ్. మీ అమ్మ చూస్తుండగా మాత్రం వెయ్యకు, ఏం కాలుస్తున్నావని అడుగుతుంది, నువ్వు చెప్పేస్తావు.

ఇంగ్లీషు బడి పిల్ల తెలుగులో రాసిందేమిటి అనుకోకు. ఇంగ్లీషులో రాస్తే మా నాన్న ఆ కాగితం పట్టుకెళ్ళి సారుకి చూపిస్తాడు, "మా అమ్మాయి రాత చూడండి" అని. తెలుగు ఉత్తరమైతే దానివంక కూడా చూడడు.

ఏ సారని అడుగుతావు. చెబుతాను.

సెలవులకి నేను మీ ఇంటినుంచి వచ్చిన మర్నాడే ఇక్కడ పంచాయితీ మొదలైంది. "తొమ్మిది చదివింది, చాలు. పదో క్లాసు కూడా చదివి ఏం చేస్తుందిరా శేషయ్యా, వరికుప్పకి ఇంగ్లీషులో పాఠం చెబుతుందా?" అంది నాయనమ్మ. నాన్న కాసేపు ఆలోచించి, "ఈ వేసవి చూద్దామే అమ్మా. దీని ఇంగ్లీషు మనకి దేనికన్నా అక్కరకొస్తే జూన్‌లో పంపిద్దాం. లేకపోతే మానిపించేద్దాం" అన్నాడు. ట్రాక్టరు కొనేముందు ఒక పంటకి అద్దెకి తెచ్చి చూస్తారే, అట్లా ఉంది నా బతుకు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ముందుకొచ్చి ఒక్క మాట కూడా అనలేదు. నా సంగతి నీకు తెలుసుగా.

నాలుగో రోజు జీపు వచ్చింది. అందులోంచి ఒక తవ్వకాల సారు దిగాడు. కలకత్తా వైపు ఆయన. పాత కాలపు ఊళ్ళు ఎక్కడున్నాయో వెతుకుతాడట. ఇంగ్లీషు, హిందీ తప్ప మన మాటలు ఒక్కటీ రావు. మా పొలానికి ఎగువనున్న బూడిదరంగు దిబ్బ కోసం వచ్చాడు.

ఆ దిబ్బ సంగతి నీకు చెప్పాలి. ఇక్కడివాళ్ళు దాన్ని రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అంటారు, కాలు కూడా పెట్టరు. మావాళ్ళు గుంటూరునుంచి వచ్చి ఈ కాలువ కింద పొలాలు కొని క్యాంపు కట్టుకున్న ఏడాదే నాన్న అక్కడి మన్ను ఇంత చేతిలోకి తీసుకుని నలిపి చూసి, "ఒరే, ఇది పాటిమన్నురా!" అన్నాడట. మా వైపు పాత ఊళ్ళు కూలిన దిబ్బల మన్ను పొలానికి ఎరువుగా తోలతారు, దాన్నే పాటిమన్ను అంటారు. ఇంకేముంది, మూడు వేసవుల్లో సగం దిబ్బ బళ్ళెక్కింది. మా పొలానికి, బాపయ్య బాబాయి పొలానికి, ముసలయ్య మావయ్య పొలానికి పోగా, మిగిలిన నాలుగు బళ్ళూ నాయనమ్మ సొరపాదుకి.

సారు మొట్టమొదట అడిగింది అదే: "ఈ దిబ్బలోంచి ఎవరైనా మన్ను తీశారా?"

నేను తెలుగులో చెప్పాను. నాన్న మొహం తెల్లబడింది. పెదాలు కదపకుండా, "గవర్నమెంటోడే. ఎవరూ తాకలేదని చెప్పు" అన్నాడు.

నేను చెప్పాను. "ఎవరూ తాకలేదు సార్. అందరికీ భయం." రెండో మాట నేనే కలిపాను, నా భయం ఎటూ ఉంది కదా అని.

ఆయన మొహం వెలిగిపోయింది. కాలువ నీళ్ళు వదిలేలోపు సర్వే ముగించాలి కాబట్టి ఆరు వారాలు ఇక్కడే గుడారం వేసుకుంటాననీ, ఎవరైనా గంపెడు మన్ను ఎత్తినా కేసు పెడతాననీ అన్నాడు. అప్పటికే నాన్న రెండు బళ్ళు కట్టించి ఉన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టు చెబితే నాన్న ఏమంటాడో, అది నేను సారుకి మళ్ళీ ఎట్లా చెప్పాలో అని మాట మార్చేశాను. "మన దిబ్బ చాలా బాగుందట నాన్నా. తను ఉన్నన్నాళ్ళూ బళ్ళు ఆపితే సంతోషిస్తానంటున్నారు" అన్నాను.

"ఎంత మర్యాదస్తుడు!" అని నాన్న మురిసిపోయి బళ్ళు విప్పించేశాడు. ఇంటికొచ్చి నాయనమ్మతో, "చూశావా అమ్మా, గడగడా మాట్లాడేసింది" అన్నాడు.

మా పాలేరు జంబన్న మాత్రం పారమీద గడ్డం ఆనించుకుని నావంక అదోలా చూశాడు.

పట్టుబడితే ఇటు నాన్న, అటు కేసు. ఏం చెయ్యమంటావు?

కుసుమ


రాయచూరు,
17 ఏప్రిల్.

కుసుమా,

చింపమన్నవు గదా, చింపలే. మళ్ళ మళ్ళ చదువుకుందమని పెట్టెల దాచిన.

క్లాసుల టీచరు పేరు అడిగితెనే నీళ్ళు మింగెటిదానివి, సర్కారు సాబుకే అబద్ధం చెప్పినవా? అదిగూడ ఇంగ్లీషుల! శభాష్.

మా అవ్వకు చెప్పిన. నీ పేరు చెప్పలే, ఎవరో ఒక పిల్ల అన్న. "రాక్షసుని బూడిద తెచ్చి వడ్లమళ్ళల్ల కలిపిండ్రా! ఆ బియ్యం తిన్నోళ్ళు ఏమైండ్రే?" అని అడిగింది. ఏం కాలే అవ్వా, బలిసిండ్రు అన్న. మీ నాయన పంపిన బియ్యం మేం గూడ ఆర్నెల్లసంది తింటున్నమని చెప్పలే. చెప్తే ఇంట్ల పొయ్యి ఎలగదు.

మా నాయన తాలూకా కచేరీల గుమాస్తా గదా, గట్లనే మాటల్ల పెట్టి అడిగిన. పాతవి దొరికినయని సర్కారు రాసుకున్నదంటె ముండ్లతీగె కంచె ఏస్తరంట, బోర్డు పెడ్తరంట, ఇగ అండ్ల నాగలి పెట్టెతందుకు లేదంట. దిబ్బ ఒక్కదానికే అయితే మీకేం ఫికర్ లేదు. అందుకని జర చెప్పినట్లు విను. ఇంకొకసారి అడిగితే "ఎస్" అను, లేకపోతే "నో" అను. మూడో మాట అనకు. నీకు మూడో మాటతోనే చిక్కు.

నీ మంచం మీద ఇప్పుడు అవ్వ పండుకుంటున్నది. జూన్‌ల నువ్వు రాకపోతే నాకు ఏడాదంత ఆమె గురకనే గతి. అందుకన్న బాగ తర్జుమా చెయ్యే!

నీ రమ


కల్లూరు దగ్గర క్యాంపు,
26 ఏప్రిల్.

రమా,

"ఎస్", "నో" రెండే అనమన్నావు. ఆ రెండింటితోనే కొంప మునిగింది.

పోయిన వారం సారు దిబ్బ దగ్గర్నుంచి గుడారానికి మా పొలంలోంచి నడుచుకుంటూ పోతూ టక్కున ఆగిపోయాడు. వంగి ఒక కుండపెంకు తీశాడు. నాలుగడుగులేసి ఇంకోటి. తర్వాత ఒక పూస. తర్వాత నున్నటి రాతిగొడ్డలి. మోకాళ్ళమీద కూలబడి, దేవుడు కనబడ్డట్టు ఆకాశంవంక చూశాడు. నన్ను పిలిపించాడు.

"ఇవి వేరేచోటినుంచి తెచ్చినవా?" నాన్నని అడిగాను. "కాదని చెప్పవే." నో.

"మీరు ఈ భూమి కొన్నప్పుడే ఉన్నాయా?" "ఉన్నాయని చెప్పు." ఎస్.

అంతే రమా, రెండే మాటలు. మర్నాటినుంచి ఆయన ఎర్రగుడ్డ జెండాలు పట్టుకుని పొలాలన్నీ తిరుగుతున్నాడు. బాపయ్య బాబాయి పొలంలో పెంకులు, ముసలయ్య మావయ్య పొలంలో పెంకులు. దిబ్బ దగ్గర్నుంచి ఆ పొలాలదాకా, బళ్ళు కుదుపుకి ఒలకబోసుకుంటూ పోయిన దారి పొడుగునా పెంకులు. ఎక్కడ దొరికితే అక్కడ జెండా పాతాడు. నిన్న దిబ్బెక్కి చూస్తే దిబ్బ దగ్గర్నుంచి నాలుగు వైపులకీ నాలుగు జెండాల వరసలు.

ఆయన పటం గీశాడు. "ఇది మామూలు పల్లె కాదు, నాలుగు బాటలు కలిసిన పట్నం" అన్నాడు. కృష్ణకీ తుంగభద్రకీ మధ్యనున్న మన నేల కోసం ఎందరు రాజులు కొట్టుకున్నారో, ఉత్తరాదినుంచి దక్షిణాదికి పోయే ప్రతివాడూ ఇక్కడ ఎట్లా ఆగాల్సి వచ్చేదో గంటసేపు చెప్పాడు. వినడానికి ఎంత బాగుందో! తర్వాత పటం మీద వేలు పెట్టి చూపించాడు. ఉత్తరపు బాట కృష్ణ రేవుకి పోయేదట. అది మా పొలానికి పోతుంది. దక్షిణపుది తుంగభద్రకట. అది బాపయ్య బాబాయి పొలానికి. పడమటిది బంగారు గనులకట. ముసలయ్య మావయ్య పొలానికి. నాలుగోది సన్నగా, వంకర టింకరగా కొంచెం దూరం పోయి ఆగిపోయింది. అది ఎక్కడికో ఇంకా తేలలేదు గానీ, బహుశా ఏదో గుడికి పోయే బాట అయ్యుండాలన్నాడు.

అది సొరపాదుకి పోతుంది రమా.

ఇంకొకటి దొరికింది, సముద్రపు శంఖంతో చేసిన గాజుముక్క. అంటే మూడువేల ఏళ్ళ కిందటే సముద్రం ఒడ్డునుంచి ఇక్కడికి జనం వచ్చిపోయేవాళ్ళని సారు అన్నాడు. ఈ ఒక్కటీ నేను ఉన్నదున్నట్టు నాన్నకి చెప్పాను. నాన్న ఎగిరి గంతేశాడు.

"విన్నావా జంబన్నా! మమ్మల్ని వలసొచ్చినోళ్ళంటారుగా మీవాళ్ళు? మా కోస్తావాళ్ళు మూడువేల ఏళ్ళ కిందే వచ్చారు!"

జంబన్న తాపీగా, "ఒచ్చిండ్రు, సరే ధణీ. మరి నడుమ గిన్ని ఏండ్లు యాడికి పోయిండ్రు?" అన్నాడు.

నాన్న కొంచెం తడబడి, "నీళ్ళు లేక పోయుంటారు. ఇప్పుడు కాలువొచ్చిందిగా" అన్నాడు.

ఇంకా ఘోరం ఏమిటంటే, నాలుగు బాటలన్న మాట క్యాంపంతా పాకింది. గవర్నమెంటు ఆ నాలుగింటి మీదా తారురోడ్లు వేస్తుందని బాపయ్య బాబాయి తీర్మానించేశాడు. రోజూ సారుకి కొరమీను పులుసు పంపుతున్నాడు. నాయనమ్మ ఆయనకి చేపల సారని పేరు పెట్టింది. అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, మంచిగానే. ఇంతమంది నన్ను చూసి ఒకేసారి ఎప్పుడూ నవ్వలేదు. నేను వాళ్ళకి ఎదురుపడకుండా పెరటిదారిన తిరుగుతున్నాను.

కుసుమ


రాయచూరు,
3 మే.

కుసుమా,

సొరపాదు కాడ నవ్వి నవ్వి కడుపుల నొప్పి లేసింది. అమ్మ సోడా తాపింది. ఇగ నవ్వెటిది అయిపోయింది, ఇప్పుడు చెప్పెటిది కూసొని చదువు.

మా నాయన కచేరీల మీ సారు రాసిన కాగితం చూసిండంట. మీ పొలం, మీ బాబాయి పొలం, మీ మావయ్య పొలం సర్వే నంబర్లు అడిగిండు. నాలుగు బాటలు, పట్నం అని రాసి పటం గూడ జోడించిండు. ఈ నెల ఇరవై ఒకటికి హైదరాబాదుకెల్లి పెద్దసాబులు వస్తరంట. వాళ్ళు సై అన్నరంటె, మొత్తం పొలాలకు కంచె. నాగలి లేదు, నీళ్ళు లేవు, నారు లేదు. కాయితాలు పట్టుకొని మా నాయనే వస్తడు. పాపం, అది మీ నాయన పొలమని ఆయనకు బాధగనే ఉన్నది, గని ఏం జేస్తడు? సాబు రాసిండు గద, శేషయ్య బిడ్డనే చెప్పిందని.

దిబ్బకు పడెటి కంచె పొలాలకు వచ్చింది చూసినవా?

నువ్వు చెప్పకపోతె పొలం పోతది. పొలం పోయినంక మీ నాయన నిన్ను బడికి యాడికెల్లి పంపుతడు? నువ్వు చెప్తివా, తప్పు తర్జుమా చేసినవని తెలుస్తది, గప్పుడు గూడ పంపడు. నాకు తెలుసు. రెండు దిక్కుల గూడ నాకు అవ్వ గురకనే. అయినా చెప్పే. పొలమన్న నిలుస్తది.

జల్ది చెప్పు. సారు ఒక్కడే ఉన్నప్పుడు చెప్పు.

నీ రమ


కల్లూరు దగ్గర క్యాంపు,
10 మే.

రమా,

చెప్పబోయాను. ఒట్టు, మూడుసార్లు చెప్పబోయాను.

మొదటిసారి గుడారందాకా పోయి, ఆయన నిద్రపోతున్నాడని తిరిగొచ్చాను. ఆయన నిద్రపోవడం లేదు, కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

రెండోసారి చుట్టుతిప్పి అడిగాను. "సార్, ఆ పెంకులు బళ్ళమీంచి పడినవి అయ్యుండొచ్చా?" అన్నాను. ఆయన గభాల్న లేచి నిలబడ్డాడు. అయిపోయింది, అర్థమైంది అనుకున్నాను. "బళ్ళు! ఎంత తెలివైనదానివి! అంటే ఆ రోజుల్లోనే ఈ బాటలమీద ఎడ్లబళ్ళు నడిచాయన్నమాట!" అని అప్పటికప్పుడు రాసేసుకున్నాడు. ఒక్క ప్రశ్నతో మూడువేల ఏళ్ళ కింద బండి తయారుచేశాను రమా. పుస్తకం వేసినప్పుడు ముందుమాటలో నా పేరు కూడా వేస్తాడట.

మూడోసారి నాన్నకి చెబుదామని పోయాను. ఆయన, బాబాయి, మావయ్య ముగ్గురూ కూర్చుని తారురోడ్డు పడ్డాక బస్సు ఎవరింటి ముందు ఆగాలి అని పోట్లాడుకుంటున్నారు. నన్ను చూసి నాన్న, "మా అమ్మాయి చెప్పినచోటే ఆగుద్దిరా!" అన్నాడు. నేను మజ్జిగ ఇచ్చి వచ్చేశాను.

నిన్న కాలవగట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే జంబన్న వచ్చాడు. నేనేమీ చెప్పకుండానే, "పాటిమన్ను ముచ్చటనా బిడ్డా?" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"నాకు ఇంగ్లీషు రాదు గని, ఉర్దూ వస్తది గద. నిజాం దినాలల్ల మా బడి అంతా ఉర్దూనే. సాబు నాతోని హిందీల మాట్లాడ్తడు. మొదటి దినమే చెప్పిన. సాబ్, ఈ మన్ను మా ధణి బండ్లల్ల పోయింది, అండ్ల ఉన్న పెంకులు గూడ అట్లనే పోయినయి అన్న."

"మరి ఆయనేమన్నాడు?"

"నగిండు. 'నీకు తెలవదు, ఆ అమ్మాయి ఇంగ్లీషుల చెప్పింది' అన్నడు. నాకు గూడ డౌటొచ్చింది బిడ్డా. ఇంగ్లీషుల చెప్పిందంటె నిజమే గావచ్చు, బండ్లు తోలింది నేను కాదేమో అనుకున్న."

చూశావా? బళ్ళు తోలినవాడు నిజం చెబితే నమ్మలేదు. బడిపిల్ల అబద్ధం చెబితే పటం గీశారు. ఇక నా బదులు నిజం చెప్పగలిగేవాళ్ళెవరూ లేరు.

కుసుమ


(కార్డు)

రాయచూరు,
16 మే.

కుసుమా, ఇది కార్డు, పోస్టుమ్యాను మొత్తం చదువుతడు, అందుకని ఏం రాయలేను. శనివారం ఖాయం. పెద్దసాబులు ఇద్దరు. నేను గూడ నాయనతోని వద్దామనుకున్న గని గవదలు లేసినయి, మొఖం గుమ్మడికాయంత అయ్యింది. ధైర్యం. పోస్టుమ్యానుగారూ, మీరు అనుకుంటున్నది ఏం లేదు, ఇది పంట ముచ్చట. — రమ


కల్లూరు దగ్గర క్యాంపు,
23 మే.

రమా,

అయిపోయింది. వరసగా చెబుతాను.

శనివారం పొద్దున్నే రెండు జీపులొచ్చాయి. పెద్దసారులిద్దరూ, ఫైళ్ళతో మీ నాన్నగారూ. మావాళ్ళు దిబ్బ కింద పందిరి వేసి, కుర్చీలు తెప్పించి, గారెలు వండించారు. మామిడాకులు కూడా కట్టారు. నాన్న ఉతికిన పంచె కట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. తవ్వకాల సారు పటం విప్పి, కర్రతో చూపిస్తూ అరగంట మాట్లాడాడు. చాలా బాగా మాట్లాడాడు. నాలుగు దిక్కులనుంచీ జనం ఉప్పు, శంఖాలు, బంగారం వేసుకుని మా సొరపాదు మీదుగా పోతున్నట్టు నాకే కనపడింది.

పెద్దసారు తల ఊపి నావైపు తిరిగి, "మీ నాన్నగారికీ వీళ్ళందరికీ చెప్పు. ఈ ఏటినుంచి ఈ మూడు పొలాల్లోనూ దున్నడం గానీ నీళ్ళు పెట్టడం గానీ కుదరదు" అన్నాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. నాన్న నవ్వుతూ, "ఏమంటున్నాడే? రోడ్డు ఎప్పుడంట?" అని అడిగాడు.

ఆ నవ్వు చూసి ఎప్పటిలా ఏదో ఒక మెత్తటి మాట నోటిదాకా వచ్చింది కూడా. "వచ్చే ఏడాదట నాన్నా" అంటే సరిపోయేది, సాయంత్రందాకా. కానీ మా నారుమడి పక్కనే ఉంది రమా. విత్తనం నానబోసి కూడా ఉంచాడు.

నేను పెద్దసారువైపే చూస్తూ ఇంగ్లీషులో చెప్పాను. "సార్, అవి బాటలు కావు. అది ఎరువు. మా నాన్న ఆ దిబ్బ మన్ను బళ్ళమీద పొలాలకి తోలించారు. దారిలో ఒలికిందే మీరు చూసింది. మీ సారు అడిగితే నేను అబద్ధం చెప్పాను." వ్యాకరణం సరిగా వచ్చిందో లేదో తెలీదు. తర్వాత నాన్నవైపు తిరిగి అదే తెలుగులో చెప్పాను. పొలాలకి కంచె వేస్తారనీ, అది నాకు ముందే తెలుసనీ, బళ్ళు ఆపమన్నది మర్యాదకి కాదు, కేసు పెడతానని బెదిరించాడనీ, అన్నీ. ఆరు వారాల్లో రెండు వైపులా ఒకే మాట చెప్పడం అదే మొదటిసారి.

తవ్వకాల సారు సన్నగా అడిగాడు, "నాలుగో బాట? ఆ గుడిబాట?"

"మా నాయనమ్మ సొరపాదు సార్."

పెద్దసారుల్లో ఒకాయన మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. రెండో ఆయన మాత్రం కోపంగా, ఇంతమందిలో ఒక్కరు కూడా నిజం చెప్పలేదా అని అడిగాడు. జంబన్న ముందుకొచ్చి, మొదటిరోజే చెప్పానని ఉర్దూలో అన్నాడు. "మరి అది ఎందుకు రాసుకోలేదు?" అని పెద్దసారు అడిగితే తవ్వకాల సారు తల వంచుకుని, "ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది సార్" అన్నాడు.

అప్పుడు నాయనమ్మ లేచి, "ఎరువని మేమంటూనే ఉన్నాం గదయ్యా. రాయి కూడా ఉంది, చూస్తావా?" అని ఇంట్లోకి పోయి, ఇన్నాళ్ళూ తలుపుకి అడ్డం పెట్టుకుంటున్న నల్లరాయి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అది రాతిగొడ్డలట. చాలా మంచిదట. దాంతో మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే ఇళ్ళకి పోయి తెచ్చారు. పసుపు దంచే రాయి, కోళ్ళకి నీళ్ళుపోసే రాతితొట్టి, బాబాయిగారి దూడ మెళ్ళో పూసలు.

వాళ్ళు గారెలు తిని వెళ్ళిపోయారు. ఏం తీర్మానించారో తెలియలేదు. నాన్న రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. కొట్టలేదు, తిట్టలేదు. అదే భయంగా ఉంది. బడి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నేను ఎత్తను.

కుసుమ


రాయచూరు,
27 మే.

కుసుమా,

మా నాయన వచ్చి చెప్పిండు. జీపుల రాయచూరు దాక పెద్దసాబులు నవ్వుకుంటనే ఒచ్చిండ్రంట. పొలాల నంబర్లు మూడు కొట్టేసిండ్రు! నాయన తన చేతితోనే ఎర్రసిరతోని కొట్టేసిండు, ఒకటికి రెండు గీతలు. మిగిలిన సగం దిబ్బకు ఒక్కదానికే కంచె, కేసు గీసు ఏం లేదు. ఇగ మీ నాయనను జోరుగ నారు పోసుకొమ్మను.

మా నాయన ఏమన్నడో తెలుసా? "కచేరీల ఇరవై ఏండ్లసంది ఉన్న, ఒక్కరన్న 'నేను అబద్ధం చెప్పిన' అని సాబు ముందల అన్నది చూడలే" అన్నడు. అవ్వ అడిగింది, ఎవరా పిల్ల అని. చెప్పిన.

గవదలు తగ్గినయి. నీ బడి ముచ్చట రాయి. జల్ది రాయి.

నీ రమ


కల్లూరు దగ్గర క్యాంపు,
3 జూన్.

రమా,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. ఎర్రగీతల దగ్గర రెండోసారి చదవమన్నాడు.

ఆ సాయంత్రం నాయనమ్మే మొదలెట్టింది. "ఒరే శేషయ్యా, దీన్ని బడికి పంపించెయ్‌రా. ఇద్దరు ఎదిగిన మగాళ్ళని ఆరు వారాలు చెరో దారిలో నడిపించింది. ఇట్లాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుని నేను వేగలేను" అంది. నాన్న లేచి నారుమడి చూసుకోవడానికి పోయాడు.

తవ్వకాల సారు వెళ్ళిపోతాడనుకున్నాను. పోలేదు. మిగిలిన దిబ్బలో ఒక్క గుంట తవ్వి చూసుకుంటానని పెద్దసారుల్ని బతిమాలుకున్నాడట. నేను క్షమాపణ చెప్పబోతే, "అబద్ధం నీది, నమ్మకం నాది. చెరి సగం" అన్నాడు. కానీ ఇప్పుడు ఏదడిగినా రెండుసార్లు అడుగుతున్నాడు. నన్ను ఇంగ్లీషులో, జంబన్నని హిందీలో. రెండూ కలిస్తేనే రాసుకుంటున్నాడు.

ఇవాళ పొద్దున గుంటలోంచి కేక పెట్టాడు. అందరం పోయాం. ఆ దిబ్బ ఏమిటో తేలిందట. రాక్షసుడూ కాదు, పట్నమూ కాదు. వేల ఏళ్ళ కింద ఇక్కడ పశువుల మందలు కట్టేసేవారట. ఆ పేడంతా గుట్టపడితే తగలబెట్టారు, మళ్ళీ గుట్టపడితే మళ్ళీ తగలబెట్టారు. నేను తెలుగులో చెప్పాను.

"అంటే పెంటకుప్పేగా?" అన్నాడు నాన్న.

సారుని అడిగాను. "అవును, అవును! సరిగ్గా అదే!" అని ఆయన ఉప్పొంగిపోయాడు.

నాన్న నడుం మీద చేతులు పెట్టుకుని, బాబాయినీ మావయ్యనీ జంబన్ననీ, చివరికి సారునీ ఒక్కొక్కరినే చూశాడు. "నేను మొదట్నించీ ఎరువనే అంటున్నానుగా! దీనికి ఇంతమంది చదువుకున్నోళ్ళు కావాల్సొచ్చిందా?" అన్నాడు. అన్నది అన్నట్టే ఇంగ్లీషులో చెప్పాను రమా. సారు నవ్వి, టోపీ తీశాడు.

అప్పుడు గుంట అడుగున చూపించాడు. గట్టిపడిన బూడిదలో గిట్టల గుర్తులు. నిన్న మంద పోయినట్టే ఉన్నాయి. ఎద్దులవో ఆవులవో తెలియడం లేదని సారు అంటే, నాన్న పంచె ఎగగట్టి గుంటలోకి దిగి గొంతుక్కూర్చున్నాడు. ఆ గుర్తుల్లో వేళ్ళుపెట్టి చూశాడు. ఎంతసేపు చూశాడో! ఆయన మొహంలో ఆ రెండు వారాల బిగింపు కనపడలేదు.

"ఇది ఆవు. వెనకకాళ్ళు ఎట్లా విప్పుకుని లోతుగా దిగాయో చూడు, నిండు సూడిది, రేపో మాపో ఈనేదే. ఇవి దాని పాతదూడవి, వెనకమాలే నడిచింది. చెప్పు."

చెప్పాను. సూడిది అన్నమాట సారు ముందు ఇంగ్లీషులో అనడానికి సిగ్గేసి, జంబన్నవైపు చూశాను. జంబన్న హిందీలో అందుకున్నాడు. సారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, పుస్తకం తీసి రాయడం మొదలెట్టాడు.

నాన్న గుంటలోంచే తల పైకెత్తి అడిగాడు. "రాసుకుంటున్నాడా?"

"ఆఁ."

"నేను చెప్పిందేనా? నువ్వేం కలపలేదుగా?"

"కలపలేదు నాన్నా. నువ్వు చెప్పిందే. పక్కన నీ పేరు కూడా రాశారు."

నాన్న మళ్ళీ గిట్టలవైపు వంగి, ఏదో ఎడ్లకి మేత సంగతి చెప్పినట్టు, "సోమవారం బడి తెరుస్తారుగా. ఆదివారం బస్సుకి పోదాం. జంబన్న దగ్గర ఆ ఉర్దూ కూడా నాలుగు ముక్కలు నేర్చుకో" అన్నాడు.

దిబ్బ పక్కనే బండిమీద కూర్చుని ఇది రాస్తున్నాను. నాన్న ఇంకా గుంటలోనే ఉన్నాడు. బాబాయి కూడా దిగాడు. ఒక గిట్ట గురించి ఇద్దరికీ పడటం లేదు. "ఏయ్ అమ్మాయ్, రా! ఈ చివరిది కుంటిదని చెప్పు! బాబాయి మాట రాసుకోవద్దని కూడా చెప్పు!" అని అరుస్తున్నాడు. పోవాలి.

కుసుమ